బొగ్గుబాయి మీది భూమి కొనేముందు: కుంగుడు లెక్క ఎట్ల పుట్టింది

ఈసారి పోస్టు పత్తి గురించి కాదు, యూరియా గురించి కాదు. భూమి గురించే, కానీ భూమి కింద ఏముందో దాని గురించి. కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి. ఇందులో మా ఇంటి పైసలు మునిగే ముచ్చట ఒకటుంది, అందుకే ఇంత దూరం పోయి తెలుసుకున్న.

ముందుగాల నా తప్పు ఒకటి చెప్తా. మా ఇంటెనుక తాతల నాటి మోట బాయి ఉండె. బోర్లు వచ్చినంక అది ఎండిపోయింది. పిల్లలు పడ్తరేమోనని పదిహేనేండ్ల కింద ట్రాక్టర్లతోని మట్టి, రాళ్లు పోయించి పూడ్చిన. పైన సాపు చేసి ఆరు నెలలు కూడా ఆగకుండ బర్ల కొట్టం ఏసిన. మొదటి వానాకాలం ఏం కాలే. రెండో ఏడు పెద్ద వాన పడ్డ రాత్రి కొట్టం మధ్యల మోకాలు లోతు దిగబడింది, ఒక బర్రె కాలు ఇరిగింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే. బాయి తవ్వినప్పుడు ఎల్లిన మట్టి గుట్ట బాయి కంటే పెద్దగ కనిపిస్తది. ఎందుకంటే వదులైన మట్టి ఎక్కువ జాగ తీసుకుంటది. తిరిగి పోసినప్పుడు నిండినట్టే ఉంటది గాని నీళ్లు తగిలి కూచున్నంక లోపల ఎంత ఖాళీ ఉండెనో అంత పైన తేలుతది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుకు పనికొస్తది.

ఇప్పుడు అసలు ముచ్చట. మా మేనమామ కరువు కాలంల మన ఊరిడిచి కొత్తగూడెం పోయి బొగ్గుబాయిల టింబర్‌మన్‌గా చేసిండు. ఇప్పుడు లేడు. ఆయన కొడుకు, నా బామ్మర్ది, మొన్న ఎండాకాలం ఫోన్ చేసిండు. "బావా, ఇల్లెందు దిక్కు మూడెకరాలు వస్తున్నయ్. ఇక్కడి ధరలో సగం కూడా లేదు. నువ్వు సగం, నేను సగం పెడ్దాం. ఒక మూలకు ఇల్లు కట్టుకుంటా, మిగిలింది సాగు చేద్దాం" అన్నడు. ఎందుకంత అగ్గువ అని అడిగిన. "కింద పాత బాయి ఉందట. మూసేసి శానా ఏండ్లయింది. ఇన్నేండ్లు ఏం కానిది ఇప్పుడేమైతది అంటున్నరు" అన్నడు. నా సగం పెట్టాలంటే ఇక్కడ ఒక ఎకరం అమ్మాలె.

ఇన్నేండ్లు ఏం కానిది ఇప్పుడేమైతది. నేను బర్ల కొట్టం ఏసినప్పుడు కూడా ఇదే అనుకున్న. అందుకే చెయ్యి ముందుకు రాలే.

మనం నీళ్ల బాయినీ బాయే అంటం, ఆ దిక్కు బొగ్గు గనినీ బాయే అంటరు. నీళ్ల బాయి నిలువుగ దిగుతది, పైన నోరు కనిపిస్తది. బొగ్గుబాయి నోరు ఒక దగ్గర ఉంటది, కడుపు కిలోమీటర్ల దూరం పోతది. మన గెట్టు కింద ఉందో లేదో పైన నిలబడితే తెల్వదు.

మన తెలంగాణ బొగ్గు కథ ఇల్లెందు దగ్గరే మొదలైంది. భద్రాచలం పోయే యాత్రికులు నల్లరాళ్లు పొయ్యికి పెడితే రాళ్లే అంటుకున్నయని అక్కడ చెప్పుకుంటరు. కాయితాల మీద ఉన్నదైతే, 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు కనిపెట్టిండు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని ఇంగ్లండోళ్ల కంపెనీకి నిజాం సర్కారు తవ్వే హక్కులిచ్చింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ అయింది. సింగరేణి అనేది అక్కడి ఊరి పేరు. 1945లో నిజాం సర్కారు ఆ కంపెనీని కొన్నది. అంటే ఆ దిక్కు భూమి కింద నూటా ముప్పై ఏండ్ల పైబడిన పని ఉంది.

ఆ పని ఎట్ల చేసిన్రో తెలిస్తేనే కుంగుడు అర్థమైతది. ఎక్కువ బాయిలల్ల బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి. బొగ్గు పొరల అడ్డం నిలువు గల్లీలు తవ్వుకుంట పోతరు, మధ్యల బొగ్గునే స్తంభాల లెక్క వదుల్తరు. పైన కొండంత బరువును ఆ పిల్లర్లే మోస్తయ్. మన దేశం నిబంధనల ప్రకారం గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటొద్దు.

ఒక చిన్న లెక్క చూద్దాం. బండ ఒక క్యూబిక్ మీటరు దాదాపు రెండున్నర టన్నులు తూగుతది. బాయి 100 మీటర్ల లోతుంటే ఒక చదరపు మీటరు మీద 250 టన్నులు. అంటే 25 టన్నుల లారీలు పది, ఒక గడప కాడి బండ మీద నిలబెట్టినట్టు. పిల్లర్ల నడుమ నుంచి నడుమకు 30 మీటర్లు పెట్టి 4.8 మీటర్ల గల్లీలు తీస్తే మిగిలే బొగ్గు 70 శాతం. మొత్తం బరువు ఆ 70 శాతం మీదనే పడాలె కాబట్టి చదరపు మీటరుకు 250 కాదు, దాదాపు 355 టన్నులు. ఇక ఏండ్లు గడిచినకొద్దీ పిల్లర్ అంచులు రాలుతయ్. నాలుగు దిక్కుల ఒక్కొక్క మీటరు రాలితే మిగిలేది 60 శాతం. బరువు 420 టన్నులకు చేరుతది. పైన ఉన్నోళ్లకు ఏం తెల్వదు, చేను ఎప్పటి లెక్కనే పండుతది.

రెండోది డీపిల్లరింగ్. గల్లీలన్నీ తీసినంక వెనుక నుంచి పిల్లర్లు కూడా తీసుకుంట వస్తరు. అప్పుడు రూఫ్ ఎనుకబడి కూలుతది. కావాలనే కూలనిస్తరు. మూడోది లాంగ్‌వాల్. పెద్ద మిషన్ ఒక చివరి నుంచి బొగ్గును గోడ లెక్క చెక్కుకుంట పోతది, ఎనుక రూఫ్ పడుకుంట వస్తది. సింగరేణిలో ఇది 1983లో గోదావరిఖని దిక్కు మొదలైంది. 2014లో అడ్రియాలలో 250 మీటర్ల వెడల్పు గోడను ఒక్కసారి కోసే మిషన్ పెట్టిన్రు. నాలుగోది, తీసిన జాగల ఇసుక, నీళ్లు కలిపి పంపి నింపుడు. ఊరో, రోడ్డో, వాగో పైన ఉన్నప్పుడు ఇది చేస్తరు. గోదావరి ఇసుక అట్ల శానా లోపలికి పోయింది. ఇసుక బిగువుగ కూచుంటే పైన కుంగుడు చాలా తక్కువ.

కుంగుడును ముందే లెక్కేయొచ్చునా అనే ప్రశ్న శాస్త్రవేత్తలకు ఉత్తగనే రాలే. ఇండ్లు పగిలినోళ్లు కొట్లాడితే వచ్చింది. బెల్జియంల లీజ్ అనే పట్నం కింద పాతకాలం నుంచి బొగ్గు తవ్వేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దంల పైన ఇండ్లు పగిలినయ్. మా బాయి కింద లేదు, దూరముంది, మాకు సంబంధం లేదని గని యజమానుల మాట. అప్పుడు గోనో అనే ఇంజనీరు, బొగ్గు పొర ఎటు వాలి ఉందో దానికి నిటారుగ గీత గీస్తే ఆ గీత పైకి తేలిన చోటనే పగులు వస్తదని సూత్రం చెప్పిండు. ఆ సూత్రం పూర్తిగ నిలవలేదు. కానీ పగులు బాయి నెత్తి మీదనే రావాలని లేదు, పక్క చేన్ల రావచ్చని దాంతోని తేలింది. పక్క చేను రైతుకు అదే పెద్ద మాట.

తర్వాత ఇంగ్లండ్. 1947లో అక్కడ గనులన్నీ సర్కారువైనయ్. నేషనల్ కోల్ బోర్డు వాళ్లు పొలాల మీద, రోడ్ల మీద మేకులు కొట్టి, లాంగ్‌వాల్ కింద పోకముందు ఎత్తెంత, పోయినంక ఎత్తెంత అని ఏండ్ల తరబడి కొలిచిన్రు. ఆ కొలతలన్నీ కలిపి 1966లో ఒక పుస్తకం తెచ్చిన్రు, 1975లో సరిదిద్దిన్రు. దాని ముఖ్యమైన లెక్క మనకు కూడా అర్థమైతది. తవ్విన వెడల్పు లోతుకు 1.4 రెట్లు దాటితే నడుమ జాగ బొగ్గు మందంల 90 శాతం దాకా కుంగుతది. కుంగుడు ప్రభావం తవ్వకం అంచు నుంచి 35 డిగ్రీల వాలుగ బయటికి పోతది. అంటే 100 మీటర్ల లోతుల 3 మీటర్ల పొరను 140 మీటర్ల వెడల్పుకు మించి తీస్తే పైన 2.7 మీటర్ల దాకా దిగుతది. తవ్వకం అంచు మన గెట్టుకు 70 మీటర్ల అవుతల ఉన్నా కుంగుడు సెగ మన గెట్టు దాకా వస్తది.

అదే కాలంల పోలండ్‌ల క్నోథే అనే ఆయన ఇంకో దారి పట్టిండు. వడ్ల గాదె అడుగున కన్నం తీస్తే పైన ఏమైతదో చూడండి. వడ్లు నిలువుగ బొంద పడవు, గిన్నె లెక్క మెల్లగ దిగుతయ్. ఇంకో కన్నం తీస్తే ఇంకో గిన్నె. కింద తీసిన ప్రతి చిన్న ముక్కకు పైన ఒక చిన్న గిన్నె పడుతది, అన్నీ కూడితే భూమి కొత్త రూపం వస్తదని ఆయన లెక్క కట్టిండు. ఇప్పటి కంప్యూటర్ లెక్కలల్ల చాలా వాటికి మూలం ఇదే.

గిన్నె అన్నంక రైతుకు తెలియాల్సింది ఒకటుంది. గిన్నె అంచు కాడ నేల సాగి పగుళ్లిస్తది. గిన్నె నడుమ నేల దగ్గరికి ఒత్తుకుంటది. ఇండ్లకు మీటరుకు 3 మిల్లీమీటర్ల సాగుడు దాటొద్దని పెట్టుకుంటరు. మరి వరి మడికో? మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు పడితే కంటికి కనిపించదు. 50 మీటర్ల మడిల అది 25 సెంటీమీటర్లు. ఒక మూల ఎండుతది, ఇంకో మూల మునుగుతది. బోరు కేసింగ్ ఇరుగుతది. పాత బాయిల నీళ్లు పగుళ్లల్ల కిందికి పోతయ్. ఇంజనీరుకు ఇంటి గోడ కనిపిస్తది, మనకు మడి కనిపిస్తది.

ఈ లెక్కలు మన దేశానికి అట్లనే అతకలే. 1956లో ధన్‌బాద్‌ల పెట్టిన గనుల పరిశోధన కేంద్రం వాళ్లు మన బాయిల మీద కొలుచుకుంట వచ్చిన్రు. మన ఇసుకరాయి గట్టిది. అందుకే సాధారణంగ మన దగ్గర ఇంగ్లండ్ లెక్క కంటే తక్కువ కుంగుతది, 60 శాతం చుట్టుపక్కల. అయితే గట్టి బండకు ఒక దుర్గుణం ఉంది. మెత్తటి బండ ఎప్పటికప్పుడు పడుతది, గట్టిది కొన్నాళ్లు ఏలాడి ఒక్కసారి పడుతది. మా మేనమామ ఇదే చెప్పేటోడు. దుంగ చప్పుడు చేస్తే మేలు, చప్పుడు లేని రూఫ్‌కే భయపడాలె అని.

ఇక్కడిదాకా చదివితే మీకు ఒక సంగతి తట్టి ఉంటది. ఈ లెక్కలన్నీ రూఫ్ కూలగొట్టిన బాయిలకే. కింద కూల్తే పైన చాలా మటుకు కొన్ని నెలలల్లనే దిగుతది, మిగిలింది ఏడాది రెండేండ్లల్ల. తర్వాత నేల నిలబడుతది. ఎంత కుంగుతదో, ఎప్పుడు ఆగుతదో రెండూ చెప్పొచ్చు. పిల్లర్లు వదిలిన బాయి అట్ల కాదు. ఎంత కుంగుతదో చెప్పొచ్చు గాని ఎప్పుడో చెప్పుడు కష్టం.

దానికి పెద్ద పాఠం దక్షిణాఫ్రికాల నేర్చుకున్నరు. 1960 జనవరి 21న కోల్‌బ్రూక్ గనిల వందల పిల్లర్లు ఒకదాని ఎనుక ఒకటి పేలిపోయినయ్. ఒకటి పోతే దాని బరువు పక్కదాని మీద పడుతది, అది పోతే ఇంకోదాని మీద. 435 మంది లోపలనే ఉండిపోయిన్రు. ఆ తర్వాత సాలమన్, మన్రో అని ఇద్దరు పాత గనుల లెక్క తీసిన్రు. నిలబడ్డవి 98, కూలినవి 27. పిల్లర్ వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, మీద బరువు ఎంత అని చూసి 1967లో ఒక సూత్రం ఇచ్చిన్రు. పిల్లర్ ఎంత వెడల్పుంటే అంత బలం, ఎంత ఎత్తుంటే అంత బలహీనం. ఇయ్యాల్టికీ పిల్లర్ కొలతలు పెట్టేటప్పుడు ఆ సూత్రం వాడుతరు. కానీ సూత్రంల వేయనీకె పిల్లర్ కొలత కావాలె కదా. కాయితం లేకపోతే సూత్రం ఉత్తదే.

ఇంగ్లండ్‌ల 1872లోనే చట్టం చేసిన్రు, గని వదిలేస్తే దాని ప్లాన్ సర్కారుకు అప్పజెప్పాలని. మన దగ్గర కూడా మూసిన గని ప్లాన్ గనుల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు పంపాలని నిబంధన ఉంది. ఎందుకంటే పాత బాయిల ఖాళీ ఒక్కటే ఉండదు, నీళ్లుంటయ్. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలాల పాత పనుల నీళ్లు ఒక్కసారి గనిలకు దూకి 375 మంది చనిపోయిన్రు.

నీళ్ల ముచ్చట జర్మనీల ఇంకో తీరుగ ఉంది. రూర్ ప్రాంతంల బొగ్గు తవ్వి తవ్వి కొన్ని చోట్ల నేల 20 మీటర్లకు పైగ దిగింది. వాగుల కంటే ఊర్లే కిందికైనయ్. 2018 డిసెంబరుల అక్కడ చివరి గట్టిబొగ్గు గని మూసేసిన్రు. అయినా నీళ్లు తోడే మోటర్లు ఆపనీకె లేదు. ఆపితే ఊర్లు చెరువులైతయ్. బొగ్గు అయిపోయినంక కూడా కరెంటు బిల్లు అయిపోలే.

ఇక లోతు తక్కువున్న పాత బాయి సంగతి. మొదటి చెప్పిన మా బర్ల కొట్టం గుర్తుందా? బాయిల రూఫ్ కూలినప్పుడు పగిలిన బండ ఎక్కువ జాగ తీసుకుంటది. మూడో వంతు ఎక్కువ తీసుకుంటదనుకుంటే, 3 మీటర్ల గ్యాలరీ నిండనీకె 9 మీటర్ల బండ కూలాలె. అక్కడ కూలుడు తనంతట తానే ఆగుతది. లోతు 100 మీటర్లుంటే పైన చేనుకు ఏం తెల్వదు. లోతు 20 మీటర్లే ఉండి అందుల సగం మెత్తటి మట్టి అయితే ఆ లెక్క నిలవదు. వాన నీళ్లతోని మట్టి జారిపోయి ఒకరోజు చేన్ల బాయి నోరు లెక్క బొంద తెరుచుకుంటది. వానాకాలంల, ఎవరో అరక కట్టినప్పుడో, ట్రాక్టర్ పోయినప్పుడో.

ఇవన్నీ పట్టుకొని బామ్మర్దితో కలిసి ఇల్లెందు పోయిన. మేనమామ దోస్తు ఒక పెద్దాయన ఉన్నడు, బాయిల సర్వే పని చేసి రిటైర్ అయిండు. చేను చూసినం. మంచి నేల, ఒక్క పగులు లేదు. పెద్దాయన పాత ప్లాన్ గుర్తు చేసుకుంట, కట్టెతో నేల మీద గీసి చూపించిండు. ఉత్తరం దిక్కు ఎకరంన్నర కింద డీపిల్లరింగ్ అయిపోయి కూలి శానా ఏండ్లయింది. దక్షిణం దిక్కు, రోడ్డు పక్కన, పిల్లర్లు అట్లనే ఉన్నయ్. లోతు ముప్పై మీటర్లు కూడా లేదు. "కూలిన దిక్కు నాకు భయం లేదు బిడ్డా. మీ వాడు ఇల్లు ఎటు కడ్తనంటున్నడు?" అని అడిగిండు. బామ్మర్ది ఏం మాట్లాడలే. ఇల్లు రోడ్డు పక్కనే కదా కట్టుకునేది.

ఆయన జ్ఞాపకం మీద ఎకరం అమ్మలేను. ప్లాన్ చూపించి, ఊరి నక్ష మీద పెట్టి, మన సర్వే నంబర్ ఎక్కడొస్తదో గుర్తుపట్టినంకనే అడ్వాన్స్ అన్న. అమ్మేటాయన అన్ని రోజులు ఆగనన్నడు. నెల తిరగకముందే వేరేవాళ్లకు అమ్మిండు. బామ్మర్దికి నా మీద ఇంకా కోపం ఉంది. కొన్నోళ్లు రోడ్డు పక్కన బేస్‌మెంట్ తీస్తున్నరని, బోరు కూడా అక్కడే ఏస్తరని మొన్న చెప్పిండు. వాళ్లకు ఈ సంగతి చెప్పి రమ్మన్న. భూమి పోగొట్టుకున్న అక్కసుతో చెప్తున్నడనుకుంటరని ఎనుకాడుతున్నడు. వచ్చే ఆదివారం నేనే పోతున్న, పెద్దాయనను తోడు తీసుకొని.

మన రామన్నపేట కింద బొగ్గు లేదు. కానీ మన పిల్లలు, అల్లుండ్లు ఆ దిక్కున్నరు, భూములు కొంటున్నరు. పట్టా పాస్‌బుక్‌ల విస్తీర్ణం ఉంటది, సర్వే నంబర్ ఉంటది. కింద ఏముందో రాయరు. ఈసీ తీసినా అప్పులు తెలుస్తయ్ గాని బాయి తెల్వదు. అందుకని ఆ దిక్కు భూమి చూసేటప్పుడు నాలుగు మాటలు అడగండి. కింద పని జరిగిందా? లోతెంత? పిల్లర్లు తీసిన్రా, వదిలిన్రా, ఇసుక నింపిన్రా? తీస్తే ఎప్పుడు తీసిన్రు? జవాబు నోటిమాటగ కాదు, ప్లాన్ మీద చూపించమనండి. కుంగిన గుర్తులు కనిపిస్తున్న చేనును చూసి ఒక్కసారే పారిపోవద్దు, పగులు లేని చేనును చూసి ఒక్కసారే మురవద్దు.

మన ఊర్లల్ల కూడా పూడ్చిన మోట బాయిలు ఎన్నున్నయో లెక్క లేదు. ఎక్కడున్నయో మన తరానికి తెలుసు, మన పిల్లలకు తెల్వదు. ఇయ్యాల పొద్దుమీకి నేను మా చిన్నోన్ని తీసుకపోయి మా మూడు పాత బాయిల జాగలు చూపించి, ఇంటి కాయితాల సంచిల ఒక నక్ష గీసి పెట్టిన. మీరు కూడా గీసి పెట్టండి.